నీటి కేంద్రమా, కరెంటు కేంద్రమా, రైలు డిపోనా: లోపలికి వెళ్లి చూడటానికి ఏది మేలు

ఇలాంటి చోట్లకు వెళ్లొచ్చిన చాలామంది చెప్పే మాట ఒకటే: "పెద్ద పెద్ద గొట్టాలు చూపించారు, ఏదో చెప్పారు, ఆ హోరులో వినబడలేదు." చూపించినవాళ్లు సరిగ్గానే చూపించి ఉంటారు. ఎంపిక దగ్గరే పొరపాటు జరిగి ఉంటుంది. కట్టడం ఎంత పెద్దదో, పేరు ఎంత మోగిందో చూసి చోటు ఎంచుకుంటే అక్కడ కంటికి దొరికేది గోడలు, మూతలు మాత్రమే కావచ్చు.

వెళ్లే ముందు రెండు సంగతులు తెలుసుకుంటే చాలు. అక్కడి పని బయటికి కనబడుతుందా, ఉక్కు మూతల వెనక జరుగుతుందా? మనం వెళ్లే వేళకు ఆ పని జరుగుతూ ఉంటుందా? నీటి శుద్ధి దాదాపు మొత్తం పైకప్పు లేని తొట్లలోనే సాగుతుంది. థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలడం, నీరు ఆవిరి కావడం, ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పడం అన్నీ మూత కిందే. ఇక వేళ సంగతి: ఉదయం ఎనిమిదింటికి మెట్రో డిపోకు వెళితే ఖాళీ పట్టాలే కనబడతాయి, రైళ్లన్నీ అప్పుడు లైన్ల మీద తిరుగుతుంటాయి.

మొదటిసారైతే నీటి శుద్ధి కేంద్రం

పిల్లలతో వెళుతున్నా, ఇంతకుముందు ఇలాంటి చోటు చూడకపోయినా దీన్నే ఎంచుకోండి. వాసన ఉండదు, హోరు తక్కువ, నడక కూడా ఎక్కువ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, మురికి నీరు ఒక చివర లోపలికి వచ్చి మరో చివర తేటగా బయటికి పోవడం వరసగా, కళ్లముందే జరుగుతుంది.

జాలీలు దాటి వచ్చిన నీటిలో పటిక కలుపుతారు. ఫ్లాష్ మిక్సర్‌లో అది 30 నుంచి 60 సెకన్లలో నీరంతా కలిసిపోవాలి. తర్వాత 20, 30 నిమిషాల పాటు పెద్ద తెడ్లు మెల్లగా తిరుగుతుంటే మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని దూదిపింజల్లా గుత్తులు కడతాయి. గట్టు మీద నిలబడి కిందికి చూస్తే ఈ పింజలు స్పష్టంగా కనబడతాయి. తెడ్లు కాస్త వేగంగా తిరిగినా కట్టిన గుత్తులు చిట్లిపోతాయి, ఒకసారి చిట్లినవి మళ్లీ అంత గట్టిగా కట్టవు. పక్కనే క్లారిఫైయర్. అందులో రెండు నుంచి నాలుగు గంటలు నీరు నిలకడగా ఉండి, పింజలు అడుగుకు చేరతాయి. ఈ గుండ్రటి తొట్టి అంచు చుట్టూ రంపపు పళ్లలాంటి పలక ఉంటుంది, తేట నీరు ఆ పళ్ల మధ్య నుంచి పలచగా జారుతుంది. ఒక వైపు ధార లావుగా, ఎదుటి వైపు సన్నగా ఉందంటే పలక మట్టంగా లేదన్నమాట. ధార లావుగా ఉన్న వైపు నుంచి పింజలు కొట్టుకుపోయి ఫిల్టర్ల మీద పడతాయి. చుట్టూ ఒకసారి నడిస్తే ఈ తేడా ఎవరైనా పట్టేయొచ్చు.

అసలు చూడాల్సింది మాత్రం ఫిల్టర్ కడగడం, అక్కడివాళ్ల మాటలో బ్యాక్‌వాష్. ఫిల్టర్ తొట్టిలో 60 నుంచి 75 సెంటీమీటర్ల మందాన ఇసుక, దాని కింద కంకర ఉంటాయి. 24 నుంచి 48 గంటలకోసారి ఆ ఇసుకను కడగాలి. ముందు నీటిమట్టం దించుతారు. అడుగు నుంచి గాలి వదలగానే ఇసుక మొత్తం కుతకుతలాడుతుంది. వెంటనే నీటిని కూడా కింది నుంచి పైకి తోస్తారు. అప్పటిదాకా తేటగా కనబడిన తొట్టిలోంచి బురద రంగు నీరు లేచి కాలువలోకి పొర్లుతుంది. పది, పదిహేను నిమిషాల్లో రంగు విరిగి, అడుగున ఇసుక మళ్లీ కనబడుతుంది. గాలి వదిలినప్పుడు బుడగలు ఎలా వస్తున్నాయో గమనించండి. ఒక మూల బుడగలు రాకపోతే అక్కడి నాజిళ్లు, అంటే అడుగున గాలి, నీరు వచ్చే రంధ్రాల బిరడాలు, పూడుకుపోయాయి. ఒకేచోట నీరు ఎగజిమ్మితే అక్కడ నాజిల్ విరిగింది, ఇసుక కిందికి జారిపోతోంది. ఇంత పెద్ద తప్పు ఇంత తేలిగ్గా కంటికి దొరికే చోటు మరొకటి లేదు.

కాబట్టి అనుమతి అడిగేటప్పుడే "ఆ రోజు ఏ ఫిల్టర్‌ను ఎన్నింటికి కడుగుతారు? ఆ వేళకు రావచ్చా?" అని అడగండి. మామూలుగా కడిగే వేళను ఒక గంట అటూ ఇటూ జరపడం కేంద్రానికి పెద్ద పని కాదు. అడగకుండా వెళితే మీరు చూసేది కదలని నీటి తొట్లను.

ప్రయోగశాల చూపిస్తామంటే వదులుకోవద్దు. ఆరు గ్లాసుల్లో ఒకే నీరు పోసి, ఒక్కో దాంట్లో ఒక్కో మోతాదు పటిక వేసి తిప్పే జార్ టెస్ట్ అక్కడే జరుగుతుంది. వాన పడి నది రంగు మారిన రోజున మోతాదు మార్చేది ఈ ఆరు గ్లాసులను చూసే. క్లోరిన్ గదిలోకి మాత్రం సందర్శకులను రానివ్వరు, రానివ్వకూడదు. క్లోరిన్ వాయువు గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేలబారుగా పాకుతుంది. ఆ గది దగ్గర ఎగిరే గాలిసంచి ఎటు వాలిందో వెళ్లగానే చూసి పెట్టుకోండి. హెచ్చరిక మోగితే గాలికి అడ్డంగా గానీ, గాలి వచ్చే వైపుకు గానీ, మెరక మీదికి పోవాలి.

ఎక్కువ నేర్పేది మురుగునీటి కేంద్రం

నీటి కేంద్రం చూసినవాళ్లకు రెండో మెట్టు ఇదే. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు, సైన్సు మీద ఆసక్తి ఉన్న పెద్దలకు అయితే దీన్నే మొదట చూడమంటాం. నీటి కేంద్రంలో పని చేసేది పటిక, ఇసుక. ఇక్కడ పని చేసేవి ప్రాణమున్న సూక్ష్మజీవులు, వాటికి జబ్బు చేస్తే మొత్తం కేంద్రానికి చేసినట్టే.

వాసన గురించి భయపడేవాళ్లు ఎక్కువ. వాసన గాఢంగా ఉండేది మురుగు వచ్చి పడే జాలీల గది దగ్గర, బురదను పిండే చోట. గాలి నింపే ట్యాంకు సరిగ్గా పనిచేస్తుంటే దాని దగ్గర తడిమట్టి వాసన లాంటిదే వస్తుంది. అక్కడ కూడా కుళ్లు వాసన వస్తోందంటే గాలి చాలడం లేదని అర్థం. రంగు కూడా చెబుతుంది: బాగున్న ట్యాంకు గోధుమ రంగులో ఉంటుంది, నల్లబడితే ఊపిరాడక కుళ్లుతోంది. ట్యాంకు నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు ఉండేలా చూసుకుంటారు. మురుగులోకి గాలి ఊది సూక్ష్మజీవులతో శుభ్రం చేయించే ఈ పద్ధతిని 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ప్రకటించారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ నగరాల మురుగు శుభ్రపడేది ఆ పద్ధతి రూపాల్లోనే.

ఇక్కడ అడిగి చూడాల్సింది లీటరు గాజు గొట్టం. గాలి ట్యాంకు నుంచి తెచ్చిన నీటిని అందులో పోసి 30 నిమిషాలు కదపకుండా వదిలేస్తారు. మొదట మొత్తం ఒకే గోధుమరంగు. ఐదు నిమిషాలకు పైన వేలెడు మందాన తేట గీత పడుతుంది. అరగంటకు బురద 200, 300 మిల్లీలీటర్ల గీత దాకా దిగి, పైన నీరు తేటగా నిలిస్తే కేంద్రం ఆరోగ్యంగా ఉంది. బురద దిగకుండా సగానికి పైనే ఆగిపోతే దారాల్లా పెరిగే సూక్ష్మజీవులు ఎక్కువయ్యాయని అనుమానించాలి. సందర్శన మొదలయ్యేటప్పుడు గొట్టం నింపి పెట్టమని అడగండి, చుట్టూ తిరిగి వచ్చేసరికి ఫలితం సిద్ధంగా ఉంటుంది. నిర్వాహకులు సంతోషంగా ఒప్పుకునే కోరిక ఇది.

జాలీల దగ్గర పేరుకున్న చెత్త కూడా చూడదగ్గదే. తడి తుడుపు గుడ్డలు నీటిలో కరగవు. కొవ్వుతో కలిసి తాళ్లలా పేనుకుని పంపు చక్రాన్ని బిగించేస్తాయి. ఆ ముద్దను ఒక్కసారి చూసినవాళ్లు వాటిని మళ్లీ మరుగుదొడ్డిలో వేయరు.

ప్రమాదాలు ఇక్కడ ఎక్కువ. గాలి ట్యాంకులో పడితే ఈత వచ్చినవాళ్లు కూడా తేలడం కష్టం, బుడగలతో నిండిన నీరు మనిషిని అంత బాగా మోయదు. మూతపడిన గుంతల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది గానీ, గాలిలో అది పది లక్షల వంతులకు వంద వంతులు దాటితే ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన ఆగిందని ప్రమాదం పోయిందనుకోకూడదు. కాబట్టి రెయిలింగ్ మీద వాలొద్దు, ఏ గుంతలోకీ తొంగి చూడొద్దు, చేతులు కడిగేదాకా ముఖం ముట్టొద్దు. పుండ్లు, గాయాలు ఉన్నవాళ్లు ఆ రోజు ఆగిపోవడమే మంచిది.

కరెంటు విషయంలో మూడు దారులు

జలవిద్యుత్ కేంద్రం, థర్మల్ కేంద్రం, సబ్‌స్టేషన్. ఈ వరసలోనే ఎంచుకోండి.

జలవిద్యుత్ కేంద్రంలో యంత్రం నెమ్మదిగా తిరుగుతుంది, చాలాచోట్ల తిరిగే ఇరుసును దగ్గర నుంచే చూడొచ్చు. జనరేటర్‌లో అయస్కాంత ధ్రువాల సంఖ్య పెరిగేకొద్దీ తిరిగే వేగం తగ్గుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు ఇవ్వడానికి రెండు ధ్రువాల థర్మల్ యంత్రం నిమిషానికి 3000 సార్లు తిరగాలి, 40 ధ్రువాల జల యంత్రానికి 150 సార్లు చాలు. బ్రెజిల్, పరాగ్వే సరిహద్దులోని ఇటైపు ఆనకట్ట సందర్శకులకు తెరిచి ఉంది, అక్కడ ఈ లెక్క కళ్లకు కడుతుంది. ఒక్కోటి 700 మెగావాట్ల యంత్రాలు 20 ఉన్నాయి. పది పరాగ్వే కోసం 50 హెర్ట్జ్, పది బ్రెజిల్ కోసం 60 హెర్ట్జ్. నది ఒకటే, కేంద్రం ఒకటే, ధ్రువాలు మాత్రం ఒక రకానికి 66, రెండో రకానికి 78. రెండు రకాలూ నిమిషానికి 90 చిల్లర సార్లే తిరుగుతాయి. జల కేంద్రానికి వెళ్లే ముందు అడగాల్సింది ఒకటే: ఆ రోజు ఎన్ని యూనిట్లు నడుస్తాయి? నీరు తక్కువున్న నెలల్లో అన్నీ ఆగి ఉండొచ్చు. చాలా కేంద్రాలు వాడకం పెరిగే వేళల్లోనే యంత్రాలు తిప్పుతాయి.

థర్మల్ కేంద్రం చూసినంతసేపూ గొప్పగానే ఉంటుంది, అర్థమయ్యేది తక్కువ. ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి అన్నిటికీ మందపాటి తొడుగులు ఉంటాయి. టర్బైన్ హాల్లో చెవి రక్షణ లేకుండా నిలవలేరు, మాటా వినబడదు. వెళితే హాలు కంటే కంట్రోల్ రూములో ఎక్కువసేపు ఉండేలా అడగండి, వివరణ అక్కడే చెవికెక్కుతుంది. బాయిలర్ కొలిమికి పరిశీలన రంధ్రం ఉంటుంది, ముదురు అద్దంలోంచి మంటను చూపించమని అడగడం మరవద్దు. చిన్న పిల్లలతో మాత్రం థర్మల్ వద్దు.

సబ్‌స్టేషన్‌లో ఏదీ కదలదు. విద్యుత్ చదువుకుంటున్నవాళ్లకు బంగారం లాంటి చోటు, మిగతావాళ్లకు అరగంటలో విసుగు. అయినా వెళితే కిందికి చూడండి, ఆ కంకర ఊరికే పరచలేదు. భూమిలోకి కరెంటు దిగిన క్షణంలో నడిచే మనిషి రెండు పాదాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడుతుంది, కంకర పొర ఆ కరెంటును ఒంట్లోకి అంత తేలిగ్గా పోనివ్వదు. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనే శబ్దం సరఫరా పౌనఃపున్యానికి రెట్టింపు, 50 హెర్ట్జ్ ఉన్నచోట 100. పక్కన వేలాడే గాజు సీసాలో సిలికా జెల్ గింజలుంటాయి. చాలాచోట్ల వాడే నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టాయి, మార్చాలి. గొడుగు, పొడవాటి సెల్ఫీ కర్ర, ఇనుప టేపు గేటు దగ్గరే వదిలేయాలి. చెయ్యి పైకెత్తి చూపించడం కూడా వద్దు.

రైలు, మెట్రో డిపో

పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, వేళ కుదిరితే. రద్దీ తగ్గాక, పదకొండు నుంచి మూడు మధ్య కొన్ని రైళ్లు డిపోకు తిరిగొస్తాయి. పిట్‌లైన్ల మీద పని నడుస్తుంటుంది. ఆ వేళే అడగండి. వారాంతంలో వర్క్‌షాపు సిబ్బంది తక్కువుంటే యంత్రాలు నిద్రపోతుంటాయి, తిరిగేవి మీరే.

పిట్‌లైన్ అంటే పట్టాల మధ్య మనిషి నిలబడేంత లోతు గుంత. అందులోంచి పైకి చూస్తే బోగీ (పెట్టె కాదు, చక్రాలు, ఇరుసులు అమర్చిన చట్రం), మోటారు, బ్రేకు దిమ్మలు, ప్రయాణికులు ఎన్నడూ చూడని రైలు అడుగు మొత్తం కనబడుతుంది. అండర్‌ఫ్లోర్ వీల్ లేత్ ఉన్న డిపో అయితే దాన్నే ఎంచుకోండి. గట్టిగా బ్రేకు పడి చక్రం తిరగకుండా జారినప్పుడు అంచు ఒకచోట చదునైపోతుంది, అప్పటి నుంచి ప్రతి చుట్టుకూ టక్‌మని కొడుతుంది. ఈ లేత్ చక్రాన్ని రైలు నుంచి ఊడదీయకుండానే కింది నుంచి చెక్కి గుండ్రంగా చేస్తుంది. స్ప్రింగులా చుట్టుకుంటూ, నీలం తిరిగిన ఉక్కు తునకలు తొట్టిలో పడుతుంటే పిల్లలు కదలరు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వ్యాసం తేడా సాధారణంగా అర మిల్లీమీటరు దాటనివ్వరు, దాటితే ఇరుసు ఒక పక్కకు లాగుతుంది. ఇలా చెక్కుతూ చెక్కుతూ పోతే చక్రం చిన్నదవుతుంది. ఇక చెక్కకూడదని చక్రం మీద ఒక హద్దు గీత ఉంటుంది, చూపించమనండి.

ఆపరేషన్ కంట్రోల్ సెంటర్‌లోకి చాలాచోట్ల అనుమతి ఉండదు, ఉన్నా అద్దం ఇవతల నుంచే. దాని కోసమే వెళ్లొద్దు. పట్టాలు దాటేటప్పుడు పట్టాల మీద కాలు పెట్టకుండా దాటండి. పైన 25 కిలోవోల్టుల తీగ గానీ, పక్కన 750 వోల్టుల మూడో పట్టా గానీ ఉంటుంది, ఏ లైనులో కరెంటు ఆపారో మీకు తెలియదు.

మిగతావి క్లుప్తంగా. చెత్త కాల్చి విద్యుత్ తీసే కేంద్రంలో బంకరులోకి, అంటే చెత్త పోసే పెద్ద గుంతలోకి, చూసే కిటికీ ఉందో లేదో ముందే అడగండి. పెద్ద గోళ్ల పంజా లాంటి గ్రాబ్ చెత్తను ఎత్తి, కలిపి, కొలిమి నోట్లో వేయడం అక్కడి నుంచే కనబడుతుంది, అది లేకపోతే మిగిలేది గొట్టాలే. విమానాశ్రయంలో కంట్రోల్ టవర్ కోసం నెలల తరబడి తిరగడం కంటే అగ్నిమాపక కేంద్రం అడగండి. పిలుపు వచ్చాక మూడు నిమిషాలు దాటకుండా రన్‌వేపై ఏ చోటికైనా చేరాలన్నది అంతర్జాతీయ ప్రమాణం, బండ్లూ మనుషులూ దాని కోసమే అమర్చి ఉంటారు.

నడుస్తున్న కేంద్రమా, మ్యూజియంగా మారినదా

అనుమతులు దొరకనివాళ్లకు, వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లకు, ఐదారేళ్ల పిల్లలున్న కుటుంబాలకు మ్యూజియం వైపే మొగ్గండి. టికెట్ కొంటే చాలు, వివరణ ఫలకాలు ఉంటాయి, యంత్రం భాగాలు విప్పి చూపిస్తారు. లండన్ శివార్లలోని క్రాస్‌నెస్ పంపింగ్ స్టేషన్ 1865లో మొదలైంది. అందులోని నాలుగు భారీ ఆవిరి ఇంజన్లలో ఒకదాన్ని స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేశారు, ఆవిరి పెట్టే రోజుల్లో అది కదులుతుంది. ఇలాంటి చోటికి మామూలు రోజున వెళితే చల్లటి ఇనుము చూసి రావాలి. యంత్రం నడిచే తేదీ చూసుకునే వెళ్లాలి.

నడుస్తూనే సందర్శకులకు తెరిచినవి మూడో రకం. పారిస్ మురుగు కాలువల్లో జనం 1867 ప్రపంచ ప్రదర్శన నాటి నుంచీ తిరుగుతున్నారు, ఇప్పటికీ అక్కడి మ్యూజియం కింద నిజమైన మురుగు పారుతుంది. జపాన్‌లో సైతామా ప్రాంతపు కసుకబే దగ్గర వరద నీటిని మళ్లించే భూగర్భ కాలువ 2006లో పూర్తయింది. 177 మీటర్ల పొడవు, 78 మీటర్ల వెడల్పు తొట్టిలో, ఒక్కోటి 500 టన్నుల బరువున్న 59 స్తంభాల మధ్య నడవొచ్చు. కానీ రెండూ నీటి దయ మీద నడిచేవే. గట్టి వాన పడి వరద లోపలికి వస్తే ఆ రోజు సందర్శన రద్దు. వానాకాలంలో వీటి కోసమే ప్రయాణం కట్టుకోవద్దు, కట్టుకుంటే ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

ఓపెన్ డేనా, గుంపుగా అనుమతినా

ఏడాదికోసారి జరిగే ఓపెన్ డేలో మామూలుగా మూసి ఉంచే తలుపులు తెరుస్తారు, ఇంజనీర్లంతా అక్కడే ఉంటారు. జనం కూడా అక్కడే ఉంటారు. పిట్‌లైన్ దగ్గర పది నిమిషాల కోసం గంట క్యూ మామూలే. ప్రశ్నలు ఎక్కువున్నవాళ్లు 10 నుంచి 20 మంది గుంపుగా విడిగా అనుమతి అడగడమే మేలు. అంతకు మించితే వెనకవాళ్లకు మాట అందదు. రెండు జట్లు చేసి, ఒక జట్టు ప్రయోగశాలలో, మరో జట్టు బయట ఉండేలా అడగండి.

ఉత్తరం నాలుగు నుంచి ఆరు వారాల ముందు వెళ్లాలి. అందులో ఎవరు, ఎంతమంది, ఏ వయసువాళ్లు, ఎవరికి మెట్లు ఎక్కడం కష్టం, ఏం చూడాలనుకుంటున్నారు అన్నవి ఉండాలి. "మీ కేంద్రాన్ని చూడాలి" అని రాస్తే ప్రజా సంబంధాల విభాగం సమావేశ గదిలో వీడియో చూపించి పంపిస్తుంది. "బ్యాక్‌వాష్, జార్ టెస్ట్ చూడాలి" అని రాస్తే ఉత్తరం నేరుగా షిఫ్ట్ ఇంజనీరు దగ్గరికి వెళుతుంది. పేర్లు గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. ఒక్క అక్షరం తేడా వచ్చి గేటు దగ్గర ఆగిపోయేవాళ్లు ప్రతి గుంపులో ఒకరైనా ఉంటారు.

మడమ మూసిన, జారని బూట్లు తప్పనిసరి. చెప్పులతో వస్తే ఏ కేంద్రమూ లోపలికి పంపదు. జాలీ పలకల మీద సన్న మడమ ఇరుక్కుంటుంది. చున్నీ, వదులు పైట, మెడ గొలుసు తిరిగే యంత్రాల దగ్గర ప్రమాదం, బిగించుకోవాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు జనరేటర్, సబ్‌స్టేషన్ సందర్శనకు ముందు డాక్టర్‌నీ, కేంద్రాన్నీ ఇద్దరినీ అడగాలి. ఫొటోలకు అనుమతి రాతలో తీసుకోండి. కంట్రోల్ రూము తెరలు, గేట్లు, కెమెరాలు తీయొద్దంటారు, ఆ మాట పాటించండి. మీ వెనక వచ్చే గుంపుకు తలుపు తెరిచి ఉండటం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందురోజు సాయంత్రం ఒకసారి ఫోన్ చేయండి. పంపు చెడినా, రాత్రి వాన పడి నీటి రంగు మారినా, యూనిట్ ఆగినా వాళ్లకు ఊపిరాడదు, మీకు కబురు పెట్టాలని గుర్తుండదు. రద్దయిందంటే వెంటనే మరో తేదీ అడిగి, అదే ఉత్తరం నంబరు మీద రాయించుకోండి.